నిద్రాభంగ అనుమతి

మా ఆఫీసులో కంప్యూటర్లు నిద్రపోయే పద్ధతి చూడ్డానికి పక్క జిల్లా నుంచి కూడా మనుషులు వచ్చారంటే మీరు నమ్మరు, కానీ వచ్చారు, టీ తాగారు, నిద్రపోతున్న కంప్యూటర్ల పక్కన నిలబడి ఫోటోలు దిగారు, ఆ ఫోటోలు తీసింది నేనే.

నా పేరు మనోజ్ఞ. ఇంజినీరింగ్ అవగానే హైదరాబాద్ నుంచి నేరుగా ఇక్కడికి ‘డిజిటల్ మిత్ర’గా వచ్చాను, కాంట్రాక్టు ఉద్యోగం. ఇక్కడ అంటే చేపపిల్లల విడుదల మండలి. జిల్లాలో ఏ చెరువులో చేపపిల్లల్ని వదలాలన్నా మా మండలి ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వు లేకుండా వదిలితే దాన్ని విడుదల అనరు, అక్రమం అంటారు, వదిలిన సంఘం చేతిలోంచి చెరువే పోతుంది. చేపకు నీళ్లెంత ముఖ్యమో మా ఉత్తర్వు కూడా అంతే ముఖ్యమన్నమాట. నాకు ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఒళ్లు పులకరించింది.

నేను వచ్చిన వారానికే పైనుంచి సర్క్యులర్ వచ్చింది. వాడని కంప్యూటర్లను నిద్రలో ఉంచండి, కరెంటు పొదుపు చేయండి, ఎక్కువ పొదుపు చేసిన ఆఫీసుకు నెలాఖరున ‘సుషుప్తి పురస్కారం’ ఇస్తాం అని. ఇంకో ఆఫీసు అయితే దాన్ని నోటీసు బోర్డుకు గుచ్చి మర్చిపోయేది. మా డైరెక్టర్ మార్తాండరావు గారు అలాంటి మనిషి కాదు. వెంటనే మీటింగ్ పెట్టారు. ఆయన మాట్లాడితే కామాలు కూడా వినిపిస్తాయి.

“యంత్రములకు విశ్రాంతి కల్పించుట అనునది, కేవలము విద్యుత్తుకు సంబంధించిన అంశము కాదు. అది ఒక పరిపాలనా సంస్కృతి. నిద్రించుచున్న యంత్రమును అకారణముగా మేల్కొల్పుట, క్రమశిక్షణారాహిత్యముగా పరిగణించబడును.”

కింది అంతస్తు సూపరింటెండెంట్ ఖలీల్ సాబ్ చెయ్యెత్తారు. గడ్డం నెరిసిన మనిషి, రిటైర్మెంటు దగ్గరపడింది. “సర్, పనుంటే లేపొచ్చునా?”

“పని అనగా?” అన్నారు డైరెక్టర్ గారు.

ఆ ప్రశ్న తేలక దాని మీద ఒక కమిటీ వేశారు.

కమిటీకి నిద్రలో రకాలు వివరించే అదృష్టం నాకే దక్కింది. మూడు రకాలండీ అని చెప్పాను. తెర మాత్రమే ఆరిపోతే కునుకు. మిషను ఆగి, చెయ్యి తగలగానే లేస్తే నిద్ర. అంతా దాచిపెట్టుకుని పూర్తిగా చల్లబడిపోతే శీతాకాల నిద్ర, ఎలుగుబంట్లు పోతాయే, అలాంటిది, దాంట్లోనే పొదుపు ఎక్కువ. డైరెక్టర్ గారు శ్రద్ధగా విని, ఇప్పుడు వానాకాలం గనుక శీతాకాల నిద్రకు అనుమతి ఇవ్వలేమనీ, చలి మొదలయ్యాక ఫైలు మళ్లీ పెట్టమనీ రాయించారు.

ఇక మిగిలింది మామూలు నిద్ర. దాంతో వచ్చిన చిక్కల్లా మౌస్. కాస్త కదిలితే చాలు, కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. అందుకని మౌసులన్నీ ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒకరోజు ఫ్యాను గాలికి ఒక ఫైలు జారి కీబోర్డు మీద పడి కంప్యూటర్ మేల్కొంది. ఫైలుకు మెమో ఇవ్వడం కుదరక, దాన్ని అక్కడ పెట్టినాయనకు ఇచ్చారు. అప్పట్నించీ ఫ్యాన్లు కూడా ఆపేశారు, కరెంటు ఇంకా మిగిలింది. జనం చెమటలు తుడుచుకుంటూ చెప్పులు బయట విడిచి నడిచేవాళ్లు. పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి వచ్చినట్టుండేది మా ఆఫీసులోకి వస్తే.

నేను నా సొంత ల్యాప్‌టాప్‌లో ‘నిద్ర సూచీ’ తయారుచేశాను. ఆఫీసులో మెలకువగా ఉన్న ప్రతి యంత్రం దాంట్లో ఎర్రగా కనిపిస్తుంది, ఒకటి మేలుకుంటే గీత కిందికి, నిద్రపోతే పైకి. నా ల్యాప్‌టాప్ మాత్రం పగలూ రాత్రీ మెలకువగానే ఉండేది, కానీ అది నా సొంతం కనుక లెక్కలోకి రాదు. ఆ గీత చూసి డైరెక్టర్ గారు ఎంత మురిసిపోయారంటే, భవనం మొత్తంలో ఒక సమయంలో ఒక్క కంప్యూటర్ కంటే ఎక్కువ మేలుకోరాదని, ఆ ఒక్కదానికీ తన నోటి నుంచే నిద్రాభంగ అనుమతి పొందాలని నియమం పెట్టారు.

రెండో నియమం కథ వేరు. మా కింది అంతస్తులో అంతా ఉచిత సాఫ్ట్‌వేర్. పై అంతస్తులో డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్. డైరెక్టర్ గారి బల్ల మీద వెండిరంగు ల్యాప్‌టాప్, అది మూడో కంపెనీ, ఆ రెండింటి మొహం చూడదు. కింద టైపు చేసిన ఉత్తర్వును పైన తెరిస్తే గళ్లు జరిగిపోతాయి. పైన చేసింది కింద తెరిస్తే మండలి ముద్ర వచ్చి సంతకం మీద కూర్చుంటుంది. డైరెక్టర్ గారి దాంట్లో ఏది తెరిచినా తెలుగంతా చిన్న చిన్న డబ్బాలు. ఒకసారి కింద తయారైన ఉత్తర్వు పైకెక్కేసరికి చేపల పేర్లు వాహనం గడిలోకి, డ్రైవర్ పేరు చేపల గడిలోకి పోయి, డ్రైవర్ యాదగిరిని చెరువులో వదలవలెనని వచ్చింది. అదృష్టం కొద్దీ సంతకానికి ముందే ఎవరో చూశారు.

పై అంతస్తు జాయింట్ డైరెక్టర్ ప్రభావతి మేడమ్ ఒప్పుకోలేదు. “మాది లైసెన్సు పెట్టి కొన్నదండీ. తప్పు చేసే ప్రశ్నే లేదు.”

“మాది ఫుకట్‌ది మేడమ్,” అన్నారు ఖలీల్ సాబ్. “తప్పు జేస్తె ఎవర్నడగాలె మేము? మీరైతే పైసలు వాపస్ అడగొచ్చు.”

“వేదికల మధ్య వివక్ష తగదు,” అన్నారు డైరెక్టర్ గారు. కంప్యూటర్ ప్లాట్‌ఫాంకు ఆయన పెట్టిన పేరు వేదిక. అలా ‘ఏకరూప ధ్రువీకరణ’ పుట్టింది. ఇక మీదట ఏ ఉత్తర్వయినా ఒకే సమయంలో మూడు కంప్యూటర్లలోనూ తెరిచి, మూడింటిలోనూ ఒకేలా కనిపిస్తోందని చూసుకున్నాకే సంతకం.

ఒక నియమం ప్రకారం మూడూ కలిసి మేలుకోవాలి. ఇంకో నియమం ప్రకారం ఒకటికి మించి మేలుకోకూడదు. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే రెండు నియమాలూ బ్రహ్మాండంగా అమలవుతున్నాయి. ఉత్తర్వులు పూర్తిగా ఆగిపోయాయి, నా గీత ఆకాశానికి ఎక్కింది.

నెలలో చివరి పనిదినం. సాయంత్రం ఆఫీసు మూసేసరికి గీత ఎక్కడుంటే అదే లెక్క. మాకు పోటీ పశువుల దాణా మండలి, వాళ్లు మాకు వెంట్రుకవాసిలో ఉన్నారు. పొద్దున్నే గేటు ముందు డీసీఎం వ్యాను ఆగింది. దాంట్లో ఆక్సిజన్ కొట్టిన ప్లాస్టిక్ సంచులు, సంచుల్లో బొచ్చె, రవ్వ రకాల చేపపిల్లలు. ముందు సీట్లోంచి ఒకావిడ దిగింది. నీలం కనకవ్వ, ఎర్రగుంటపల్లి మహిళా మత్స్య సంఘం అధ్యక్షురాలు. కొంగు నడుముకు చుట్టుకుని నేరుగా ఖలీల్ సాబ్ బల్ల దగ్గరికొచ్చింది.

“సారూ, పిల్లల్ని తీస్కొచ్చిన. కాయితమిస్తె పోత.”

ఖలీల్ సాబ్ మెల్లగా మాట్లాడమని సైగ చేశారు. “పండుకున్నయమ్మా.”

“ఎవలు?”

“కంప్యూటర్లు.”

కనకవ్వ వరసగా ఉన్న నల్ల తెరల్ని చూసింది. “పట్టపగలు పండుకునుడేంది. జరమొచ్చిందా?”

“జరం కాదు, ఆర్డర్.”

“లేపుండ్రి మరి.”

నేను ముందుకొచ్చి మొత్తం వివరించాను. సుషుప్తి పురస్కారం, నిద్ర సూచీ, ఏకరూప ధ్రువీకరణ, ఏదీ వదల్లేదు, గీత కూడా చూపించాను. ఆవిడ ఓపిగ్గా వింది.

“మంచిగనే ఉన్నది బిడ్డా. గని సంచులల్ల గాలి పొద్దుగూకేదాంకనే ఉంటది. ఆ తర్వాత పిల్లలు ఎల్లెలకల తేలుతయ్. నిరుడు అవతలి ఊరోళ్లు ఇట్లనే చూసి చూసి, కాయితం లేకుండ వదిలిన్రు. చెరువు గుంజుకున్నరు. ఇప్పుడు ఆళ్ల ఆడోళ్లు పట్నంల ఇటుకలు మోస్తున్నరు. మా సంఘపోళ్లు నన్ను నమ్మి కూసున్నరు. వదులుదామంటే చెరువు పాయె, వదలకుంటే పిల్లలు పాయె. నువ్వే చెప్పు, ఏం జెయ్యాలె?”

నా దగ్గర దానికి గీత లేదు. పరుగెత్తి డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన మనిషి మంచివారు. సమస్య అనగానే కమిటీని పిలిచారు. కమిటీ అంటే ఆయన, ప్రభావతి మేడమ్, ఖలీల్ సాబ్. “క్రమానుగత జాగరణ” అని పరిష్కారం చెప్పారు. ముందు కింది కంప్యూటర్‌ను లేపి, ఇదివరకే టైపు చేసి ఉన్న ఉత్తర్వు చూడాలి, దాన్ని నిద్రపుచ్చాలి, తర్వాత పైదాన్ని లేపాలి, ఆ తర్వాత ఆయనది. ఎప్పుడూ ఒక్కటే మెలకువ. నేను చప్పట్లు కొట్టబోయి, కంప్యూటర్లు గుర్తొచ్చి ఆగిపోయాను.

కింద లేపాం, చూశాం, పడుకోబెట్టాం. మెట్లెక్కి పైన లేపాం.

“కింది ప్రతితో సరిపోలుచున్నదా?” అన్నారు డైరెక్టర్ గారు.

“నాకు గుర్తున్నంతవరకు సరిపోయింది సర్,” అన్నారు ప్రభావతి మేడమ్.

డైరెక్టర్ గారి మొహం మారింది. “గుర్తు అనునది నాల్గవ వేదిక. దానికి అనుమతి లేదు.”

ఫోనుతో ఫోటో తీసి పోల్చుదామన్నాను. ఫోను అయిదవ వేదిక. నా ల్యాప్‌టాప్‌లో తెరుద్దామన్నాను. ప్రైవేటు యంత్రము. ప్రింటు తీసి పక్కపక్కన పెడదామన్నాను. ప్రింటరూ నిద్రలోనే ఉంది, దాన్ని లేపితే రెండోది మేలుకున్నట్టు. కమిటీ భోజనానికి లేచింది.

నేను కిందికొచ్చేసరికి కనకవ్వ వ్యాను దగ్గర సంచుల్ని ఒక్కొక్కటే ఎత్తి వెలుగులో చూస్తోంది. డ్రైవర్ యాదగిరి వాటి మీద తడి గోనెలు కప్పుతున్నాడు. ఉత్తర్వులో ఒకసారి చెరువుపాలైన యాదగిరి ఇతనే.

“ఏమాయె బిడ్డా?”

“తిన్నాక మళ్లీ కూర్చుంటారు.”

“ఆళ్లు తింటరు. ఇవి తినయి,” అంది, నా మీద కోపంగా కాదు, సంచితో చెప్పినట్టు.

మా ఆఫీసు ముందు సిమెంటుతో కట్టిన నమూనా చెరువు ఉంటుంది. ఎప్పుడో ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని కట్టింది. మధ్యలో సిమెంటు చేప నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది. వానలకు అది నిండా నిండి ఉంది. కనకవ్వ చూపు దాని మీద పడింది.

“సారూ,” అంది, టీ తాగడానికి బయటికొచ్చిన ఖలీల్ సాబ్‌తో. “గా నీళ్లు ఎవరియి?”

“మండలియి.”

“దీంట్ల వదిలితే ఏమైతది?”

“విడుదల అయితది. విడుదలకు ఉత్తర్వు గావాలె.” ఆయన టీ గ్లాసు గట్టు మీద పెట్టి కాసేపు గడ్డం గోక్కున్నారు. “నువ్ వదలకమ్మా. పెండింగ్ల పెట్టు.”

“అంటే?”

“అంటే ఇక్కడ ఉంచుతవ్ అంతే. ఈ ఆఫీసుల ఇన్నేండ్లు పనిజేసిన, దేన్నన్న పెండింగ్ల పెట్టెతందుకు పర్మిషన్ అడిగినోన్ని నేనింత వరకు చూడలే.”

ఎంత చక్కటి ఆలోచన అనిపించింది నాకు. కనకవ్వా యాదగిరీ చకచకా సంచులు కోసి, చేపపిల్లల్ని నమూనా చెరువులో పెండింగ్‌లో పెట్టేశారు. వెండి ముక్కల్లా జారి నీళ్లలో పడ్డాయి. కాసేపటికే అన్నీ పైకొచ్చి సిమెంటు చేపలాగే నోళ్లు తెరిచాయి.

“నీళ్లు కుళ్లినయ్. గాలి లేదు,” అంది కనకవ్వ. “యాదగిరీ, మోటర్ తియ్యి.”

వ్యానులో నీళ్లలోకి గాలి కొట్టే చిన్న మోటారు ఉంది. దానికి దగ్గర్లో ఉన్న ప్లగ్ నా గదిలోదే. వైరు కిటికీలోంచి అందుకుని నేనే పెట్టాను. బుడగలు బుసబుసా లేచాయి, పిల్లలు వాటి చుట్టూ మూగాయి. చూడ్డానికి ఎంత బాగుందో.

తర్వాత నా డ్యూటీ నేను చేశాను. మండలి ఆవరణలో, మండలి కరెంటుతో, ఒక యంత్రం మెలకువగా ఉంది, అది నా సొంతం కాదు కనుక లెక్కలోకి వస్తుంది. నిద్ర సూచీలో నమోదు చేశాను. గీత టక్కున వంగింది.

భోజనం ముగించి గీత చూద్దామని నా గదికొచ్చిన డైరెక్టర్ గారికి, ఆ వంపు చూసి తేన్పు మధ్యలోనే ఆగిపోయింది. నేను కిటికీలోంచి చూపించాను. ముగ్గురు కమిటీ సభ్యులూ నమూనా చెరువు గట్టు మీదికొచ్చారు.

“ఏమి ఈ యంత్రము? దీనిని తక్షణమే నిద్రపుచ్చుడు.”

“ఆపితే సస్తయి సారూ,” అంది కనకవ్వ.

“ఇది ఎంతసేపు మెలకువగా ఉండును?”

“పిల్లలు ఇక్కడ ఉన్నంతసేపు. నెలలైనా, ఏడాదైనా. మాకేం తొందర లేదు సారూ, పెండింగ్ల ఉన్నయి.”

“ఎవరి ఉత్తర్వుపై ఇచట ఉంచబడినవి?”

“పెండింగ్‌కు ఉత్తర్వు లేదు సర్,” అన్నారు ఖలీల్ సాబ్ వినయంగా. “ఎప్పుడూ లేదు.”

డైరెక్టర్ గారు దాంట్లో తప్పేమిటో వెతికి, దొరక్క, నీళ్లకేసి చూశారు. “చేపలు నిద్రించవా?”

“నిద్రవోతయ్ సారూ. కండ్లు మూయవు, గంతే.”

డైరెక్టర్ గారు తలతిప్పి ఒకసారి ఆఫీసు కిటికీల వైపు, వాటి వెనక కూర్చున్న సిబ్బంది వైపు చూశారు. ఏదో గొప్ప సర్క్యులర్ ఆయన మనసులో కదిలినట్టుంది, కానీ ప్రభావతి మేడమ్ అడ్డొచ్చారు.

“సర్, గీత ఇలాగే దిగితే సాయంత్రానికి అవార్డు దాణా మండలికి పోతుంది.”

“ఆపేస్తే?”

“చచ్చిన చేపలతో మనం దొరుకుతాం సర్. చేపపిల్లల విడుదల మండలి ముందు.”

నేను అప్పటికే లెక్క వేశాను. మూడు కంప్యూటర్లు ఒక గంట మేలుకుంటే పోయేదానికంటే, ఈ మోటారు సాయంత్రం దాకా తిరిగితే పోయేది ఎక్కువ. ల్యాప్‌టాప్ చేతుల మీద పెట్టుకుని ఆయనకు చూపించాను. డైరెక్టర్ గారు గొంతు సవరించుకున్నారు.

“జీవరాసుల శ్రేయస్సు దృష్ట్యా, అత్యవసర సామూహిక జాగరణ ప్రకటించబడినది.”

ఆఫీసంతా ఉలిక్కిపడి లేచింది. బీరువా తెరిస్తే మౌసులన్నీ తోకలు పెనవేసుకుని ఒక్క ముద్దగా బయటికొచ్చాయి. కింది కంప్యూటర్ లేచింది. పైదాన్ని లేపితే, నేను కొత్తగా తయారవుతున్నాను, దయచేసి నన్ను కదిలించవద్దు అని తెర మీద రాసి తిరుగుతూ కూర్చుంది. డైరెక్టర్ గారి ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగింది, ఇన్నాళ్ల నిద్రలో ఆయన దాన్ని మర్చిపోయారు. మనవరాలికి ఫోన్ చేశారు. చివరికి మూడూ మేలుకున్నాయి. మూడింటినీ ఒకే గదిలోకి మోసుకొచ్చి పక్కపక్కన పెట్టి ఉత్తర్వు తెరిచాం.

మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. కిందిదాంట్లో, పై అంతస్తులో చేర్చిన ముద్ర సంతకం చోటు మీద కూర్చుంది. పైదాంట్లో యాదగిరి మళ్లీ చేపల గడిలో చేరాడు. వెండిదాంట్లో డబ్బాలు, కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. బయట బుడగల చప్పుడు వినిపిస్తోంది. నా గీత దిగుతోంది. కిటికీ బయట కనకవ్వ ఊచలు పట్టుకుని నిలబడింది, వెనక పొద్దు వాలుతోంది.

డైరెక్టర్ గారు కళ్లజోడు తీసేసి మూడింటినీ మార్చి మార్చి చూశారు.

“కళ్లజోడు లేకుండా పరిశీలించగా,” అన్నారు, “స్థూలముగా ఏకరూపము.”

ప్రింటర్‌ను లేపాం. లైసెన్సు ఉన్నది గనుక పై అంతస్తు ప్రతి మీదే సంతకం కావాలని ప్రభావతి మేడమ్ పట్టుబట్టారు, సంతకం పడింది. ప్రింటు వేడి ఆరకముందే కాగితం కనకవ్వ చేతిలో ఉంది.

“చదువు బిడ్డా, ఏం రాసిన్రు?”

నేను చదివాను. ఎర్రగుంటపల్లి చెరువులో డ్రైవర్ యాదగిరిని విడుదల చేయుటకు అనుమతి, వాహనమును బొచ్చె, రవ్వ నడుపవలెను.

“యాదగిరీ,” అంది కనకవ్వ, “నిన్ను వదులుమన్నరు.”

“ఈత వస్తదక్కా,” అన్నాడు యాదగిరి వలతో పిల్లల్ని ఎత్తి వ్యానులో ఉన్న నీళ్ల డ్రమ్ముల్లోకి వేస్తూ. “గని పిల్లలకు డ్రైవింగ్ వస్తదా?”

“సంతకమైతే ఉన్నదా బిడ్డా?”

“ఉంది.”

“ఇగ చాలు.” కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. మోటారును కూడా ఎక్కించుకుని వెళ్లిపోయారు. ఆ పొద్దు గూకకముందే పిల్లలు చెరువులో పడ్డాయని తర్వాత తెలిసింది. మేం మాత్రం అప్పటికి మూడు కంప్యూటర్లనీ, ప్రింటర్‌నీ నిద్రపుచ్చి ఊపిరి బిగబట్టి గీత చూస్తున్నాం. దాణా మండలి మీద వెంట్రుకవాసిలో గెలిచాం.

సుషుప్తి పురస్కారం ఈమెయిల్‌లో వచ్చింది. ప్రశంసాపత్రం ఒక ఫైలు రూపంలో ఉంది. కిందిదాంట్లో తెరిచాం, తెరుచుకోలేదు. పైదాంట్లో ఖాళీ పేజీ వచ్చింది. వెండిదాంట్లో ఇది నాకు తెలిసిన రకం కాదంది. దాణా మండలి వాళ్లకు సంగతి తెలిస్తే నవ్వుతారని డైరెక్టర్ గారు ఎవర్నీ అడగనివ్వలేదు. ప్రశంసాపత్రం తెరుచుకునేవరకూ ఏ యంత్రమూ నిద్రించరాదని ఉత్తర్వు వేశారు. మౌసులు పంచారు. భవనంలో ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఒకసారి ప్రయత్నించడం, మళ్లీ మొదటిదానికి రావడం, ఇదే పని. నా గీత నేలకు ఆనింది గానీ, దాన్ని చూసే తీరిక ఎవరికీ లేదు.

చలి మొదలైంది. శీతాకాల నిద్ర ఫైలు పెట్టాల్సిన సమయం అదే, నేను రెండుసార్లు గుర్తుచేశాను కూడా. అలాంటి ఒక పొద్దున కనకవ్వ వచ్చింది. చేతిలో సంచి, సంచిలోంచి ఒక రవ్వ తోక బయటికొచ్చి ఉంది, మా అందరికీ తెచ్చిందట. తెరలన్నీ వెలుగుతుంటే గుమ్మంలోనే ఆగింది.

“ఇయ్యాల అన్నీ లేచే ఉన్నయేంది బిడ్డా?”

“అవార్డు తెరుస్తున్నాం కనకవ్వా. బాగా నిద్రపోయినందుకు ఇచ్చారు.”

తల ఊపి ఖలీల్ సాబ్ బల్ల దగ్గరికి నడిచింది. “సారూ, చేపలు మంచిగెదిగినయ్. రేపు వల ఏద్దామనుకుంటున్నం. పట్టెతందుకు కూడ ఏమన్న కాయితం గావాల్నా?”

ఖలీల్ సాబ్ చుట్టూ చూశారు. డైరెక్టర్ గారి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆయన కుర్చీలోంచి లేచి, సంచి అందుకునే వంకతో ఆమె వైపు వంగి, గొంతు బాగా తగ్గించారు.

“అడగకమ్మా. అడిగినవంటే గావాలంటరు.”